మా ఊరి గడీ కూలిపోకముందే ఏం చేయవచ్చు? చరిత్ర, చట్టం, మరమ్మతు

పాతదర్వాజా:
సభ్యులందరికీ నమస్కారం. మాది పాత నిజామాబాద్ జిల్లాలోని ఒక చిన్న పల్లె. ఊరి నడుమ ఎత్తైన ప్రహరీ గోడ, రెండు మూలల్లో బురుజులు, లోపల రెండంతస్తుల భవంతి ఉన్న దేశ్‌ముఖుల (నిజాం కాలంలో ఊళ్ళ పన్ను వసూలు చేసిన భూస్వాముల) గడీ ఒకటి ఉంది. దొర కుటుంబం 1978 తర్వాత హైదరాబాద్‌కు వెళ్ళిపోయింది. కొన్నేళ్ళు అందులో ప్రాథమిక పాఠశాల నడిచింది. నేను మూడో తరగతి వరకు అక్కడే, ఒకప్పుడు కచేరీ (దొర దర్బారు) నడిచిన పెద్ద గదిలో కూర్చుని చదువుకున్నాను. బడికి కొత్త భవనం వచ్చాక గడీకి తాళం పడింది, ఇరవై ఏళ్ళుగా తీయలేదు. మొన్నటి వానలకు మేడ మీది పడమటి గది కప్పు కుంగింది. శిథిల గృహాల జాబితాలో చేర్చి కూల్పిద్దామని పంచాయతీలో కొందరు అంటున్నారు.

పెద్ద దర్వాజా పైనున్న రాతిపలక మీద ఉర్దూ అంకెల్లో 1325 అని చెక్కి ఉంది. ఆ అంకెను చూపించి ఇది కాకతీయుల కట్టడమని ఊళ్ళో చెప్పుకుంటారు. దీని అసలు వయసెంత, దీన్ని రక్షిత కట్టడంగా ప్రకటింపజేసే వీలుందా, కప్పు పూర్తిగా పడిపోకుండా ముందుగా ఏం చేయాలి అన్న మూడు విషయాలలో తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

తూర్పుబురుజు:
మొదట తేదీ సంగతి చూద్దాం. ప్రతాపరుద్రుని ఓటమితో ఓరుగల్లు రాజ్యం ముగిసింది 1323లో. కాబట్టి ఆ అంకెను క్రీస్తుశకమనుకున్నా, కాకతీయులు వెళ్ళిపోయిన రెండేళ్ళకు వారే వచ్చి గడీ కట్టించినట్లవుతుంది! ఉర్దూ అంకెల్లో ఉందంటే అది హిజ్రీ సంవత్సరమైనా కావాలి, నిజాం ప్రభుత్వం రెవెన్యూ లెక్కలకు వాడిన ఫస్లీ సంవత్సరమైనా కావాలి. హిజ్రీ 1325 అంటే 1907–08. ఫస్లీకైతే 590 కలుపుకోవాలి, అప్పుడు 1915–16 వస్తుంది. రెంటికీ మధ్య ఎనిమిదేళ్ళ తేడా ఉంది కనుక ఊహతో తేల్చవద్దు. అంకె పక్కన నెల పేరు ఉందేమో చూడండి. మొహర్రం, రజబ్, రంజాన్ వంటి పేరుంటే హిజ్రీ. ఆజర్, దై, బహమన్, ఖుర్దాద్ వంటి పేరుంటే ఫస్లీ.

ఆ కాలం కూడా ఈ రకం ఇళ్ళకు సరిపోతుంది. నిజాం దివాను (ప్రధానమంత్రి) మొదటి సాలార్‌జంగ్ తెచ్చిన సంస్కరణలతో దేశ్‌ముఖుల చేతిలోని పన్ను వసూలు అధికారం పోయి, దానికి బదులుగా ఏటా రుసుం ముట్టసాగింది. అయితే లెక్కలూ కొలతలూ తెలిసినవారు, సర్వే సెటిల్‌మెంట్లు జరిగినప్పుడు ఊరి దస్తరాలు చేతిలో ఉన్నవారు వారే కావడంతో, రైతులు తరతరాలుగా దున్నుకుంటున్న భూములెన్నో వారి పేరిట పట్టాలయ్యాయి. రుసుం మీద బతికే ఉద్యోగి వేలాది ఎకరాల భూస్వామి అయ్యాడు, భూస్వామి కోట వంటి ఇల్లు కట్టుకున్నాడు. బురుజు శత్రు సైన్యం కోసం కట్టింది కాదని, ఊరు చూడడం కోసం, ఊరికి కనిపించడం కోసం కట్టిందని నేను అనుకుంటాను.

పాతదర్వాజా:
ధన్యవాదాలు. ఈ ఉదయం నిచ్చెన వేసి పలకను శుభ్రంగా తుడిచి, ఉర్దూ చదవగలిగిన ఒక పెద్దాయనను తీసుకెళ్ళి చూపించాను. అంకె ఎడమవైపు అరిగిపోయిన అక్షరాలను ఆయన ‘బహమన్’ అని చదివారు.

తూర్పుబురుజు:
అయితే ఫస్లీ. నిజాం ఏలుబడిలో ఫస్లీ సంవత్సరం ఆజర్‌తో, అంటే అక్టోబరులో మొదలయ్యేది. బహమన్ మూడో నెల. మీ దర్వాజా 1915 చివరిలో నిలబెట్టినదన్న మాట. భవంతి అంతకుముందుదో తర్వాతిదో వేరే ఆధారాలతో చూడాలి.

మోటబావి:
చర్చకు అడ్డు తగలాలని కాదు గానీ, ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మాది జనగామ వైపు ఊరు. మా ఊళ్ళో కూడా గడీ ఉంది. మా తాత తన ఎడ్లబండితో ఆ గడీకి రాళ్ళు మోశాడు, ఒక్క రోజుకూ కిరాయి ముట్టలేదు. బండి పంపకపోతే ఏమయ్యేదో ఆయన చెప్పేవాడు. కుమ్మరి కుండలు ఇయ్యాలి, చాకలి బట్టలుతికి మూటలు మోయాలి, మంగలి కాళ్ళు పిసకాలి, మాదిగ చెప్పులు కుట్టి ఇచ్చి కబురు మోసుకుంటూ పక్క ఊరికి పరుగెత్తాలి, అదంతా వెట్టి. గడీ ముందు నుంచి వెళ్ళేటప్పుడు చెప్పులు చేతిలోకి, తలపాగా చంకలోకి పోయేవి. దొర బిడ్డ అత్తారింటికి పోతే కట్నంతో పాటు ఒక ఆడపిల్లను కూడా పంపేవారు, ఆమెను ఆడబాప అనేవారు. విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయింది మాకు దగ్గరి ఊరిలోనే.

ఇటువంటి ఇంటిని ‘మన వారసత్వం’ అని పిలిచి, ప్రజల సొమ్ముతో సున్నం వేయించి, ముందు ఒక బోర్డు పెట్టి, అందులో ‘అద్భుత శిల్పకళ’ అని రాస్తారేమోనన్నదే నా భయం. కూల్చమని నేను అనడం లేదు. మా అమ్మమ్మ మాత్రం కూలితే చూసి చచ్చిపోతానని అనేది.

పాతదర్వాజా:
మోటబావి గారూ, మీ మాటను అడ్డు అని అనుకోలేదు. మా ఇంట్లో కూడా ఈ గడీ మీద ఒకే అభిప్రాయం లేదు. బడి పిల్లలుగా మేము పరుగెత్తిన ఆ వరండా మీద మా నాయనమ్మ ఏనాడూ అడుగు పెట్టలేదు. నన్ను బడి నుంచి తీసుకుపోవడానికి వచ్చినా దర్వాజా బయటనే నిలబడేది. అప్పటికి దొరలు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది.

పహాణీనకలు:
రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి విరమించాను కనుక, రెండో ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను.

మొట్టమొదట తేల్చవలసింది యజమాని ఎవరన్నది. జాగీర్లు 1949 ఆగస్టులో రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం, 1973లో భూగరిష్ఠ పరిమితి చట్టం వచ్చాయి; అయితే ఇవన్నీ పొలాలకు, పన్ను హక్కులకు సంబంధించినవి. దొర నివసించిన ఇల్లు చాలావరకు ఆ కుటుంబం పేరిటే ఉండిపోయింది. మీ గడీ గ్రామకంఠంలో (ఊరి నివాస స్థలంలో) ఉందా, ఒకరి పేరిట పట్టా ఉన్న సర్వే నంబరులో ఉందా అన్నది చూడాలి. సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు), 1954–55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరి పేరిట, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు), ఆపైన పంచాయతీ ఇంటి పన్ను రిజిస్టరు, ఈ మూడింటి నకళ్ళు తీసుకోండి. బడి నడిచిన రోజుల్లో కుటుంబం పంచాయతీకి దానంగా ఇచ్చిందా, నోటిమాటగా వాడుకోనిచ్చిందా అన్నది చాలా ముఖ్యం. రాతలో లేని దానం మీద ఆధారపడి ఒక్క ఇటుక కూడా కదపవద్దు. వారసులు సాధారణంగా పది పదిహేను మంది ఉంటారు, సగం మంది విదేశాల్లో ఉంటారు. ఈ కట్టడాలకు వాన తర్వాత పెద్ద శత్రువు ఉమ్మడి వారసత్వమేనని నా అనుభవం.

ఇక రక్షణ. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన కట్టడం అనిపించుకోవాలంటే కనీసం 100 ఏళ్ళు ఉండాలి. మీ దర్వాజా ఆ గీత దాటింది, కానీ కేంద్ర రక్షణకు జాతీయ ప్రాముఖ్యం కూడా కావాలి కాబట్టి అటు ఆశ పెట్టుకోవద్దు. మీరు తట్టవలసిన తలుపు రాష్ట్రానిది. ఉమ్మడి రాష్ట్రంలో 1960 నాటి చట్టం ఉండేది, తెలంగాణకు 2017లో సొంత వారసత్వ చట్టం వచ్చింది. హైదరాబాద్ నగరంలోనైతే నగరాభివృద్ధి సంస్థ నిబంధనల్లోని 13వ నిబంధన కింద 1995 నుంచి వారసత్వ భవనాల జాబితా ఒకటి నడిచింది, 2015లో దాన్ని కూడా తొలగించారు. పల్లెల్లోని గడీలు ఆ జాబితాలోకి రావడానికి ఎప్పుడూ వీలే లేకపోయింది, అది నగరాభివృద్ధి సంస్థ పరిధికి మాత్రమే వర్తించింది కనుక.

రక్షిత కట్టడమైతే యజమాని హక్కు పోతుందని చాలామంది భయపడి వినతిపత్రం మీద సంతకం చేయరు. అది నిజం కాదు. కేంద్ర చట్టంలోనే యజమానితో ఒప్పందం చేసుకుని కట్టడాన్ని కాపాడే పద్ధతి ఉంది. యాజమాన్యం ఆయనదే, ఇష్టం వచ్చినట్లు మార్చడం, కూల్చడం మాత్రం కుదరదు. అయితే కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధమని, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతమని 2010 సవరణ చెబుతుంది. ఊరి నడుమ ఉన్న ఇంటికి అటువంటి నియమం వస్తే చుట్టుపక్కల ఇళ్ళవారు ఒప్పుకుంటారా అన్నది కూడా ఆలోచించుకోండి.

పంచాయతీ జాబితా విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. 2019 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పల్లెల కోసం మొదలుపెట్టిన ముప్పై రోజుల ప్రణాళికలో, ఆ తర్వాత పల్లె ప్రగతిలో శిథిల గృహాలు తొలగించడం, పాడుబడ్డ బావులు పూడ్చడం పనుల జాబితాలోనే ఉండేవి. ఉద్దేశం మంచిదే, పాము పుట్రా చేరుతాయని. అయితే జేసీబీకి పాడుబడిన గుడిసెకూ నూరేళ్ళ గడీకీ తేడా తెలియదు. గ్రామసభలో చర్చ పెట్టించి, జాబితాలో చేర్చకూడదన్న తీర్మానం రాతపూర్వకంగా చేయించండి.

కామారెడ్డిబాట:
మీకు దగ్గరలోనే దోమకొండ ఉంది, వెళ్ళి చూశారా? పాడుబడి ఉన్న కోటను కామినేని వంశస్థులు తమ సొంత పూనికతో బాగుచేయించారు. లోపల కాకతీయ శైలి మహాదేవాలయం, దాదాపు నలభై ఎకరాల ఆవరణ, అద్దాల మేడ ఉన్నాయి. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో దానికి మెరిట్ పురస్కారం వచ్చింది. అదే ఏడాది గోల్కొండ మెట్లబావులకు డిస్టింక్షన్ వచ్చింది. ప్రైవేటు చొరవతో జరిగిన పని కావడాన్ని, పాత పద్ధతుల నిర్మాణాన్ని స్థానిక పనివారికి నేర్పడాన్ని, కోటను ఊరివారికి తెరవడాన్ని న్యాయనిర్ణేతలు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

తూర్పుబురుజు:
దోమకొండ మంచి ఉదాహరణే, కానీ కొలబద్దగా పెట్టుకోవద్దని మనవి. దోమకొండ సంస్థానం; ఇప్పుడున్న కోట 18వ శతాబ్దానిది. ఆ వంశంలో ‘షట్చక్రవర్తి చరిత్ర’ రాసిన కామినేని మల్లారెడ్డి వంటి కవులున్నారు. పాతదర్వాజా గారిది 1915 నాటి పల్లెటూరి దేశ్‌ముఖు ఇల్లు. సంస్థానానికి శాసనాలు, కావ్యాలు, వంశవృక్షాలు ఉంటాయి. గడీకి ఉండేవి జమాఖర్చు పుస్తకాలు, కోర్టు కాగితాలు, ఊరి జ్ఞాపకాలు. ఆ కారణంగానే గడీల మీద పరిశోధన తక్కువ జరిగింది, జరిగినా వాస్తుశైలి దగ్గర ఆగిపోయింది. మన రాష్ట్రంలోనే వనపర్తి రాజప్రాసాదం పాలిటెక్నిక్ కళాశాలగా ఇన్నేళ్ళు నిలిచింది. పల్లె గడీకి కూడా రోజువారీ ఉపయోగం ఒకటి దొరకకపోతే, పురస్కారం వచ్చినా పదేళ్ళలో మళ్ళీ తాళమే.

గానుగసున్నం:
పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. ఫోటోలు చూశాను. మూడో ప్రశ్నకు వివరంగా జవాబిస్తాను, ఎందుకంటే సదుద్దేశంతో చేసిన తప్పుల వల్ల పాడైన గడీలనే నేను ఎక్కువగా చూశాను.

ముందుగా, దయచేసి సిమెంటు ముట్టుకోవద్దు. మీ గోడలు ఇటుక, రాయి, గానుగలో నూరిన డంగు సున్నంతో కట్టినవి. అటువంటి గోడ నేలలోని తేమను పీల్చుకుంటుంది, ఎండకు మళ్ళీ బయటికి వదులుతుంది. దానికి ఆ వదులుకునే దారి ఉండాలి. పైన సిమెంటు పూత వేస్తే దారి మూసుకుపోతుంది. తేమ లోపలే పైకి ఎగబాకి, తనతో తెచ్చిన ఉప్పును ఇటుకలోనే వదిలేస్తుంది, ఇటుక పొడి పొడిగా రాలుతుంది. రెండు మూడేళ్ళు గోడ కొత్తగా మెరుస్తుంది, ఆ తర్వాత పూత పెచ్చులుగా ఊడేటప్పుడు తనతో పాటు పాత ఇటుక ముఖాన్ని కూడా పట్టుకుని వస్తుంది. మీ రెండో ఫోటోలో కచేరీ గది అడుగున మోకాలెత్తు వరకు సిమెంటు ఉంది, బడి నడిచినప్పుడు వేసి ఉంటారు. దానికి సరిగ్గా పైన గోడ ఉబ్బి ఉండడం మీరే చూడవచ్చు.

కుంగిన కప్పు సంగతి. పైన మిద్దె, కింద టేకు దూలాలు, వాటి మీద సన్న వాసాలు, ఆపైన ఇటుక, సున్నం కాంక్రీటు పొరలు ఉన్నట్లుంది. ఇటువంటి కప్పు దూలం మధ్యలో విరగడం అరుదు. దూలం కొస గోడలో కూర్చున్న చోట తడిసి కుళ్ళుతుంది లేదా చెద తింటుంది. నీళ్ళు పోయే తూము పూడిపోయి, మిద్దె మీద నీరు నిలిచి, గోడ తలలోకి దిగడం దీని మూలం. పడమటి గదికి పైన తూము దగ్గర రావి మొక్క పుట్టి ఉంటుందని నేను పందెం వేయగలను.

ఈ ఎండాకాలంలోనే చేయవలసినవి చెబుతాను. కుంగిన గదిలోకి ఎవరినీ పోనీయకండి, కింద నుంచి సర్వి కట్టెలతో ఆపు పెట్టించండి, అది కూడా అనుభవమున్న మేస్త్రీ చేతనే. తూములు శుభ్రం చేయించండి. రావి, మర్రి మొక్కలను పీకకండి, పీకితే వేరుతో పాటు గోడ వస్తుంది. మొదలు దగ్గర కోసి, మళ్ళీ చిగురించకుండా కోసిన మొదలుకు మందు పెట్టించాలి. మిద్దె మీద టార్పాలిన్ కప్పితే అంచులు బిగించి మూయకుండా గాలి ఆడేలా ఎత్తుగా కట్టండి. పడిపోయిన చెక్కలు, గొళ్ళేలు, పెంకులు ఒక్కటి కూడా పారేయకుండా ఒక గదిలో చేర్చి, ఏది ఎక్కడిదో రాసి పెట్టండి. అన్నిటికన్నా ముందు, ఏదీ కదపకముందే ప్రతి గదికీ కొలతలు వేసి ఫోటోలు తీయండి.

అసలు సున్నం పని వానలు పోయాక. సున్నం నానడానికి వారాలు పడుతుంది, కొందరు మేస్త్రీలు బెల్లం, కరక్కాయ నీళ్ళు కలుపుతారు, పూసిన తర్వాత కూడా గాలితో కలిసి గట్టిపడేదాకా నిదానంగా తడుపుతూ ఉండాలి. తొందర ఉన్నవారికి సున్నం పనికిరాదు.

పాతదర్వాజా:
రావి మొక్క ఉంది. తూము దగ్గరే ఉంది. మీకు పందెం ఎంత ఇవ్వాలో చెప్పండి.

కోనసీమలోగిలి:
మా గోదావరి వైపు గడీలు లేవు, మండువా లోగిళ్ళు ఉన్నాయి. అక్కడ కప్పు కూలకముందే ఇల్లు పోతుంది. పాత కలప కొనేవారు వచ్చి చెక్కిన ద్వారబంధాలు, స్తంభాలు, దూలాలు బేరమాడి లారీ ఎక్కిస్తారు. అవి నగరాల్లో హోటళ్ళకూ కొత్త బంగళాలకూ చేరుతాయి. మా పెదతాతగారి లోగిలి సింహద్వారం ఇలాగే పోయింది, అన్నదమ్ములు వాటాలు పంచుకునేటప్పుడు ద్వారాన్ని పంచుకోలేక అమ్మేశారు. తాళం వేసిన గడీకి రాత్రిపూట కాపలా ఉందా లేదా చూసుకోండి. టేకు ఖరీదు ఈ రోజుల్లో అందరికీ తెలుసు.

థేమ్స్‌ఒడ్డు:
ఇంగ్లండులో స్థిరపడిన తెలంగాణ వాణ్ణి. ఇక్కడి పల్లె భూస్వాముల భవనాలు 1950లలో వందల సంఖ్యలో నేలమట్టమయ్యాయి, పన్నులు కట్టలేక, పనివాళ్ళు దొరకక. 1947 నాటి ప్రణాళికా చట్టం తర్వాత జాబితాలోకెక్కిన భవనాన్ని అనుమతి లేకుండా మార్చడం క్రమంగా నేరమైంది. మోటబావి గారి అభ్యంతరం చదివాక రాయాలనిపించింది ఏమిటంటే, ఇటువంటి వందలాది భవనాలను చూసుకునే నేషనల్ ట్రస్ట్ 2020లో ఒక నివేదిక వెలువరించి, తన ఆస్తుల్లో 93 చోట్లకు బానిస వ్యాపారంతో గానీ వలస పాలనతో గానీ సంబంధం ఉందని ప్రకటించింది. పెద్ద గొడవే అయింది, అందమైన ఇంటికి మురికి పూస్తున్నారని. వేల్స్‌లోని పోవిస్ కోటలో క్లైవు కుటుంబం సేకరణలో టిప్పు సుల్తాను వస్తువులు చూసినప్పుడు, ఆ వస్తువు అక్కడికి ఎలా వచ్చిందో చెప్పే పలక లేకపోతే అది ఉత్త అలంకారమని నాకు అనిపించింది.

మోటబావి:
థేమ్స్‌ఒడ్డు గారు చెప్పింది నాకు పనికొచ్చే మాట. అయితే నా షరతు ఇదీ అని చెబుతాను. పలక మీద దొర పేరు, కట్టిన సంవత్సరం ఉంటే, దానితో పాటు ఎవరి బండ్లతో, ఎవరి వెట్టితో కట్టారో కూడా అంతే పెద్ద అక్షరాలతో ఉండాలి. ఆ సంగతి చెప్పగలిగినవారు ఎనభై దాటి ఉంటారు. గోడ ఇంకో రెండు వానలు ఆగుతుందేమో గానీ వారు ఆగరు. టార్పాలిన్ కన్నా ముందు వారి మాటలు రికార్డు చేయించండి. జీతగాళ్ళ ఇళ్ళు, చాకలి ఇళ్ళు, గడీ వెనక దొడ్డి, ధాన్యం గుమ్ములు, శిక్షలు వేసిన చోటు, ఇవి ఎక్కడున్నాయో గానుగసున్నం గారి కొలతల పటంలో చేరాలి. పటంలో భవంతి ఒక్కటే ఉంటే అది సగం పటం.

గానుగసున్నం:
ఒప్పుకుంటున్నాను. నిజానికి మా వృత్తిలో వెనక దొడ్డిని ఎప్పుడూ ‘తర్వాతి భాగాలు’ అని తేలికగా రాసేస్తాము.

పహాణీనకలు:
డబ్బు గురించి ఎవరూ అడగలేదు. కంపెనీల చట్టం 2013లోని ఏడో షెడ్యూలులో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ సామాజిక బాధ్యత ఖర్చు కిందికి వస్తుంది. కంపెనీ ముందుకు రావాలంటే యాజమాన్యం కాగితం శుభ్రంగా ఉండాలి, అందుకే మళ్ళీ మొదటికి వస్తున్నాను, నకళ్ళు తీయండి. పాత ఉర్దూ దస్తరాలు కావాలంటే తార్నాకలోని రాష్ట్ర పాత పత్రాల భాండాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్‌లో) వెతకవలసి ఉంటుంది, చదివిపెట్టే మనిషిని వెంట తీసుకెళ్ళండి.

పాతదర్వాజా:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. ఇంటి పన్ను రిజిస్టరులో గడీ ఇంకా దొర గారి తండ్రి పేరు మీదే ఉంది. దానపత్రం ఏదీ దొరకలేదు. వారసులలో ఒకరితో ఫోనులో మాట్లాడాను. ఆయన ఒక్కసారి కూడా ఊరు చూడలేదట. కూల్చడానికైనా బాగుచేయడానికైనా తనకు అభ్యంతరం లేదని, అయితే మిగతావారిని అడగాలని అన్నారు. కప్పుకు ఆపు పెట్టి, తూములు శుభ్రం చేసి, టార్పాలిన్ కట్టుకోవడానికి మాత్రం సరేనని రాసి పంపారు. గ్రామసభలో తీర్మానం ఒక ఓటు తేడాతో వాయిదా పడింది, ఓడిపోలేదు. జాబితాలో మాత్రం ఇప్పటికి చేర్చలేదు.

మోటబావి గారి మాట ప్రకారం ముందు రికార్డింగు మొదలుపెట్టాను. ఊళ్ళో తొంభైకి దగ్గరపడ్డ ఒక తాతను దర్వాజా దగ్గరికి తీసుకెళ్ళి, ఈ రాయి ఎవరు పెట్టారో తెలుసా అని అడిగాను. రాయి సంగతి తనకు తెలియదని, కానీ ఆ సున్నం నూరిన గానుగ చాలా ఏళ్ళు గడీ వెనక దొడ్డిలోనే ఉండేదని, దానికి ఎద్దులు చాలని రోజున తన తండ్రినీ మరో ముగ్గురినీ కట్టారని చెప్పాడు. దొడ్డిలో చూస్తే తుమ్మపొదల కింద గుండ్రటి రాతి కాలువ సగం పూడిపోయి కనిపించింది. గానుగసున్నం గారూ, దాన్ని తవ్వి శుభ్రం చేయవచ్చా, లేక ముందు ఉన్నది ఉన్నట్లే కొలతలు తీసుకోవాలా?

గానుగసున్నం:
తవ్వకండి. రాయిని ముట్టకుండా పొదలు మాత్రం కొట్టించి, నేనొచ్చేదాకా అలాగే ఉంచండి. వచ్చే ఆదివారం టేపు, కొలబద్దలు తీసుకుని బయలుదేరుతున్నాను. ఆ తాత గారిని ఆ రోజు ఉదయం ఎండ ఎక్కకముందే దొడ్డిలో కూర్చోబెట్టగలరా?